ఎడమ చేత్తో జలపాతం

మడతకుర్చీ కాళ్ళలో ఒకటి రాతిమీద ఆనడం లేదు. మున్సాకా వంగి దాని కింద ఒక పలకరాయి దూర్చాడు, నా భుజాలు పట్టుకుని అటూ ఇటూ ఊపి చూశాడు, "ఇక కదలకు ఏనుగమ్మా, నీ బరువుకి ఇది విరిగిందంటే నేరుగా లోయలోకే, వెతికే పని కూడా ఉండదు" అన్నాడు. నా ఒళ్ళో అట్ట పెట్టాడు, అట్టమీద కాగితం పరిచాడు, నాలుగు మూలలా క్లిప్పులు బిగించాడు, పెన్సిలు తీసి నా చేతిలో పెట్టబోయి ఆగిపోయాడు. ఏ చేతిలో? వాడి చూపు నా కుడిచేతి మీదికి వెళ్ళింది. అది శాలువా కింద, అరచెయ్యి పైకి తిరిగి, ఎవరో మర్చిపోయి వెళ్ళిన వస్తువులా పడి ఉంది. నేనే ఎడమచెయ్యి చాపాను. పెన్సిలు చల్లగా ఉంది. జూలై పొద్దు, మాకు చలికాలం, తొమ్మిది కావస్తోంది, ఎండ వచ్చింది కానీ చలి ఇంకా పోలేదు. ఎదురుగా లోయకి అవతల మోసి జలపాతం దూకుతోంది. ఏడు నెలలుగా నేను పెరట్లో కూర్చుని చెట్లపైన దాని నీటిపొగ మాత్రమే చూశాను, పడుకుంటే దిండులోంచి దాని ఉరుము విన్నాను, ఇంత దగ్గరికి రాలేదు, రాకూడదనుకున్నాను. ఇవాళ శనివారం. సాయంత్రంలోగా సిటాలి మేడమ్‌కి ఏదో ఒకటి చెప్పాలి.

ఆవిడ మొన్న గురువారం ఇంటికొచ్చింది. ఒక సంచీ నిండా బత్తాయిలు తెచ్చి బల్లమీద పెట్టి, కుర్చీ అంచున కూర్చుంది, లేవడానికి సిద్ధంగా కూర్చున్నట్టు. మంచి మనిషే. పదహారేళ్ళు ఆవిడ బడిలో పెద్ద తరగతి ఆడపిల్లలకి డ్రాయింగు చెప్పాను, పరీక్షలకి తయారుచేశాను, ఒక్క మాట పడలేదు. "తొందరేమీ లేదు టీచర్, మీ ఆరోగ్యం ముఖ్యం" అంది ముందు. తర్వాత, నా స్థానంలో వచ్చిన కుర్రాడికి పర్మనెంటు చేస్తూ కాగితం రాయాలో వద్దో సోమవారంలోగా తేల్చమని పైవాళ్ళు అంటున్నారంది. తర్వాత గొంతు ఇంకా తగ్గించి, "మీరు రావాలనుకుంటే వచ్చి ఊరికే కూర్చున్నా చాలు, గీసేదంతా అతను గీస్తాడు, మీరు చూస్తూ ఉండండి" అంది. ఊరికే కూర్చోవడం. నేను చెప్పదలచుకున్నది లోపల ఎంత బాగా వచ్చిందో! ఒక్క తప్పు లేకుండా, గలగలా, నది మీద గులకరాళ్ళు విసిరినట్టు వచ్చింది. నోటి దాకా వచ్చేసరికి రాళ్ళన్నీ మునిగిపోయాయి. "శ... శని" అన్నాను. "శనివారం చెప్తానంటోంది మేడమ్" అంది మా అమ్మాయి లుయాండో పక్కనుంచి. నా మాటలన్నీ ఇప్పుడు అదే పూర్తిచేస్తోంది. నేను 'ఉ' అంటే 'ఉప్పా అమ్మా' అంటూ పరిగెడుతుంది, నాకు కావలసింది ఉత్తరం. దాని కళ్ళకింద నల్లబడింది. నాకు అన్నం ముద్ద చేసి చేపల పులుసులో ముంచి నోటికందిస్తుంది, నేను ఎడమచేత్తో తింటానంటే వద్దంటుంది, మీద పోసుకుంటావంటుంది. ఎంత ప్రేమో. ఆ ప్రేమ కింద నాకు ఊపిరాడటం లేదని దానికెలా చెప్పను, ఏ మాటతో మొదలుపెట్టను, ఏ అక్షరమంటే అది పరిగెత్తకుండా ఆగుతుంది?

అందుకే మున్సాకాకి కబురుపెట్టాను. వాడు రైల్వేలో గార్డుగా చేసి దిగిపోయాడు, ఇప్పుడు నీలంరంగు టాక్సీ నడుపుతాడు, దాని తలుపొకటి తాడుతో కట్టి ఉంటుంది. వాడికీ నాకూ చుట్టరికం ఏమీ లేదు, ఉన్నదంతా వేళాకోళం వరసే. మాది ఏనుగు వంశం, వాళ్ళది మేక వంశం. వాళ్ళు మమ్మల్ని ఎంతమాటైనా అనొచ్చు, మేం వాళ్ళని ఎంతమాటైనా అనొచ్చు, కోపం తెచ్చుకున్నవాళ్ళే తప్పు చేసినట్టు. మా ఆయన పోయినరోజు శవం పక్కన అందరూ ఏడుస్తుంటే మున్సాకా వచ్చి, "లే, లే, నాకివ్వాల్సిన కోడిని ఇచ్చి పో" అని దుప్పటి లాగబోయాడు. మా అత్తగారు ఏడుస్తూనే నవ్వింది. ఏడు నెలల కిందట నేను ఆసుపత్రిలో పడి ఉన్నప్పుడూ అంతే. మూతి ఒక పక్కకి లాగేసి, చెయ్యి మొద్దులా ఉండి, చుట్టూ అందరూ ప్రార్థనలు చేస్తుంటే, వాడు మంచం కాళ్ళదగ్గర నిలబడి, "ఏనుక్కి తొండం పడిపోయిందటగా, చూసిపోదామని వచ్చా" అన్నాడు. నర్సుకి కోపమొచ్చి వాణ్ణి బయటికి నెట్టింది. నేను సగం నోటితో నవ్వాను, చొంగ కారింది. ఆ నవ్వు తప్ప ఆ నెలలో నాదంటూ ఇంకేం లేదు. తర్వాత అందరి గొంతులూ దూదిలా అయిపోయాయి. పాలవాడు కూడా నాతో చిన్నపిల్లతో మాట్లాడినట్టు మాట్లాడతాడు. వాడొక్కడే మారలేదు. పొద్దున టాక్సీ ఎక్కేటప్పుడు కూడా, "డిక్కీలో కూర్చుంటావా, ముందు సీట్లో మనుషులు కూర్చుంటారు" అన్నాడు.

సరే, గీయి, అనుకున్నాను. పైనుంచి మొదలుపెట్టు, నది అంచు, అక్కడ నీళ్ళు ఇంకా దూకక ముందు గోధుమరంగులో నున్నగా వంగుతాయి, ఆ వంపు. చెయ్యి కదిలింది. వంపు రాలేదు, వణుకుతూ ఒక మెట్టు వచ్చింది. దాని పక్కన ఇంకో మెట్టు. ఇది నదా, నిచ్చెనా? కుడిచేతికి ఈ గీత ఎంత తేలిక! ముప్పై ఏళ్ళపాటు అది ఈ జలపాతాన్ని గీసింది. హోటళ్ళ గోడలకి, బజార్లో వచ్చేపోయే తెల్లవాళ్ళకి, పెళ్ళి శుభలేఖలకి, ఒకసారి బిస్కట్ల డబ్బామీదికి. చివరికి పన్నెండు నిమిషాల్లో ఒకటి గీసేది, నేను పక్కనున్న బెండకాయలామెతో కబుర్లు చెబుతుంటే అది తన పని తాను చేసుకుపోయేది, ఎడమపక్క కొండ, కుడిపక్క తాటిచెట్టు, మధ్యలో నీళ్ళు, కింద ఇంద్రధనుస్సు, ఎప్పుడూ ఒకేచోట ఇంద్రధనుస్సు. ఒకసారి ఒక ముసలావిడ, ఎక్కడో మంచుదేశం నుంచి వచ్చినావిడ, బొమ్మ కొన్నది, కొని పట్టుకుపోయి మళ్ళీ మర్నాడొచ్చింది. నిన్నంతా తిరిగాను, ఈ బొమ్మలో కనిపించినట్టు జలపాతం ఎక్కణ్ణుంచి కనిపిస్తుంది, మీరెక్కడ నిలబడి గీశారు, అక్కడికి నన్ను తీసుకెళ్తారా, అని అడిగింది. పాపం, నిజంగా అడిగింది. నాకు మాట రాలేదు, అప్పటికి నాకు మాటలు బాగానే వచ్చు. అలాంటి చోటు లేదు. ఆ తాటిచెట్టు ఇవతలిది, ఆ కొండ అవతలిది, ఆ ఇంద్రధనుస్సు సాయంత్రానిది. వానకి దారి మూసేశారని అబద్ధం చెప్పాను. ఆవిడ నా చెయ్యి నొక్కి థాంక్స్ చెప్పింది. ఆ తర్వాత కూడా కొన్ని వందలు అలాగే గీశాను. గీసిన చేతికి తెలుసు, నాకే తెలియదు, నేను ఈ నీళ్ళని చూసి ఎన్నేళ్ళయిందో.

నాన్న చూసేవాడు. నాన్న, అదిగో కింద కనిపిస్తోందే ఆ రైలువంతెన, దానికి రంగులేసే మనుషుల్లో ఒకడు. నడుముకి తాడు కట్టుకుని లోయమీద వేలాడుతూ ఇనుముకి రంగేసేవాడు, ఈ చివర్నుంచి ఆ చివరికి వెళ్ళేసరికి మొదటి చివర తుప్పు పట్టేది, మళ్ళీ మొదలు. అన్నం తినేవేళకి నేను మా అమ్మ ఇచ్చిన గిన్నె పట్టుకుని వెళ్తే, చేతులు తుడుచుకోకుండా మోసివైపు తిరిగి కూర్చునేవాడు. నాకప్పుడు ఎనిమిదేళ్ళు. ఏం చూస్తావు నాన్నా రోజూ అదేగా అంటే, రోజూ అదే అయితే చూడకపోదును అనేవాడు. బ్రష్షుకి మిగిలిన బూడిదరంగు రాతిమీద రాసి తుడిచేసేవాడు, ఆ రాతలు ఏవో ఆకారాల్లా ఉండేవి, నాకు తెలియదు నాన్న గీస్తున్నాడని, ఆయనకీ తెలియదనుకుంటాను. వాటిలో ఒకటైనా మిగిలిందా, వానలకి పోయాయా? నేను బజార్లో మొదటి బొమ్మ అమ్మిన రోజు ఆయనకి చూపిస్తే చాలాసేపు చూసి, "బాగుంది, దీనికి తడి లేదేం?" అన్నాడు. నేను అలిగి రెండురోజులు మాట్లాడలేదు. యాభై నాలుగేళ్ళొచ్చాయి, ఇప్పుడు వినిపిస్తోంది ఆ మాట.

మెట్లన్నీ చెరిపేశాను, ఎడమచేత్తో చెరపడం కూడా రాదు, కాగితం ముడతపడింది. మళ్ళీ గీశాను. కొండ వాలిపోయింది. నీళ్ళు జుట్టు చిక్కుపడ్డట్టు వచ్చాయి. నా వెనకనుంచి రెయిన్‌కోట్లు వేసుకున్న ఒక గుంపు వెళ్ళింది, ఒకావిడ ఆగి నా భుజం మీదుగా చూసి, పక్కావిడతో ఏదో అని, నావైపు తిరిగి ఎంతో జాలిగా నవ్వింది. అదే సమయానికి పొదలోంచి ఒక కొండముచ్చంత కోతి, పెద్ద మగది, దిగి నింపాదిగా నడుచుకుంటూ వచ్చి కుర్చీ పక్కనున్న నా సంచీ అందుకుంది. అందులో ఉడకబెట్టిన వేరుశనగలు, నా మందులు, ప్లాస్టిక్ కవరులో చుట్టిన కాగితాలు, నా మిగతా పెన్సిళ్ళు. మున్సాకా చెట్టుకింద ఫోను చూసుకుంటున్నాడు. "వదులు దాన్ని, దొంగ వెధవా, నీ మొహం మండా!" అని ఒక కేక వినిపించింది. ఎవరిదా గొంతు? కోతి సంచీ వదిలేసి ఉరికింది, వేరుశనగలు మాత్రం గుప్పెడు పట్టుకుపోయింది. రెయిన్‌కోట్లవాళ్ళు బిగుసుకుపోయారు. మున్సాకా నోరు తెరుచుకుని నావైపు చూస్తున్నాడు. "ఏమన్నావూ? మళ్ళీ అను!" నేను మళ్ళీ అనబోయాను. "వ..." అన్నాను. "వ... వదు..." అంతే, మళ్ళీ మామూలే. వాడు పొట్ట పట్టుకుని రాతిమీద కూలబడ్డాడు. "ఏడు నెలల్నుంచి మాటకోసం డాక్టరు చుట్టూ తిరుగుతున్నాం, కోతి దగ్గరికి తీసుకొస్తే సరిపోయేది! నెలకోసారి తెద్దునే! బుట్టెడు అరటిపళ్ళు ఇస్తే ఫీజు కూడా తీరిపోయేది!" నాకూ నవ్వొచ్చింది, నవ్వుతూ ఉండగానే గాలి తిరిగింది. లోయలోంచి పొగ ఒక గోడలా లేచి మామీద విరుచుకుపడింది, కళ్ళు తెరవడానికి లేదు, శాలువా నానిపోయింది, చెవులనిండా ఉరుము. గాలి మళ్ళీ అవతలికి పోయాక చూస్తే ఒళ్ళో కాగితం మెత్తని గుడ్డయిపోయింది, గీతలన్నీ బూడిదరంగు మరకలు.

నవ్వు ఆగిపోయింది. మున్సాకా లేచి వచ్చాడు, ఆ తడికాగితాన్ని క్లిప్పుల్లోంచి తీశాడు, చూశాడు. అప్పుడు వాడేదో ఒకటి అంటాడనుకున్నాను. కాగితాన్ని జాగ్రత్తగా, చాలా జాగ్రత్తగా మడతపెట్టి జేబులో పెట్టుకున్నాడు, నా ముందు గొంతుక్కూర్చుని నా శాలువా సరిచేశాడు, "పోదామా అమ్మా, జలుబు చేస్తుంది" అన్నాడు మెత్తగా. అమ్మా! ఏనుగమ్మా కాదు, అమ్మా. శవంతో కూడా వేళాకోళమాడినవాడు. మా ఆయన దుప్పటి లాగినవాడు. ఈ ఒక్కడి గొంతులోకి కూడా దూది వచ్చేసిందంటే ఇక నేను ఎవరికి మిగిలానట్టు? చచ్చినవాళ్ళకంటే కిందికి పోయాను, సిటాలి మేడమ్ కుర్చీలో ఊరికే కూర్చోవడానికి పనికొస్తాను, బత్తాయిలు తినడానికి పనికొస్తాను. ఏదో ఒకటి అనాలి, ఇప్పుడే అనాలి, వాడు ఆ మొహంతో టాక్సీ దగ్గరికి వెళ్ళేలోగా. మాటలు లోపల గుంపుగా తోసుకున్నాయి, ఒక్కదాన్ని పట్టుకుని బయటికి లాగాను. "మే..." అన్నాను. వాడు ఆగాడు. "మేక." ఊపిరి పీల్చుకున్నాను. జేబువైపు వేలు చూపించాను. "కాగి... తం. తినకు."

వాడికి అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. తర్వాత వాడి మొహం ముడతలన్నీ ఒక్కసారిగా కదిలాయి, కళ్ళు తుడుచుకున్నాడు, పొగ తడేనంటాడు అడిగితే. "తింటానా!" అన్నాడు అరుస్తూ, "ఇది తిన్నానంటే నాకూ పక్షవాతం వస్తుంది, అంత ఘోరంగా ఉంది! నీ జన్మలో ఇంత దరిద్రపు బొమ్మ గీశావా?" లేదని తలూపాను. "అయితే ఇంకోటి గియ్యి. దీనికంటే బాగా గీయడం నీవల్ల కాదు, పందెం." సంచీలోంచి పొడికాగితం తీసి అట్టకి బిగించాడు, తన రెయిన్‌కోటు విప్పి నా తలమీదుగా గొడుగులా పట్టుకుని నా వెనకాల నిలబడ్డాడు. వాడి మోకాళ్ళు నొప్పులని నాకు తెలుసు. "అరగంటే. తర్వాత నిన్నిక్కడే వదిలేసి పోతా, కోతి చూసుకుంటుంది."

ఈసారి మోసిని గీయలేదు. అంత నీటిని ఈ చెయ్యి మొయ్యలేదు. ఒక్క పాయని చూశాను, అంచులో ఒక నల్లరాయి వాలి ఉంది, దాని పక్కనుంచి దూకే పాయ, నా ఎదురుగా, బెత్తెడు వెడల్పు. చూశాను. కాగితం మీద ఏమీ పెట్టకుండా చూశాను. అంతా ఒకే తెల్లటి పరుగులా కనిపిస్తుంది ముందు. కానీ అంచు దగ్గర ఒక్క ముద్దని కళ్ళతో పట్టుకుంటే, దాన్ని వదలకుండా దాంతోపాటు దిగితే, అరే, ఎంత నెమ్మది! అది ముద్దగా విడుతుంది, ముందు తల బరువుగా, వెనక తోకలు తోకలుగా, దిగుతూ దిగుతూ తల పగిలి మూడవుతుంది, మూడూ ఆరై, సగంలోకి వచ్చేసరికి అది నీరు కాదు, పిండిలా అయిపోతుంది, ఇంకా కిందికి పోక ముందే గాలి అందుకుని పైకి తిప్పేస్తుంది. పడేదంతా పడటం లేదు. పడేదాంట్లో సగం పైకి లేస్తోంది. ముప్పై ఏళ్ళు బొమ్మ అడుగున ఒక గీత గీసి నీటిని అక్కడికి దింపేశాను, ఇది దిగనే దిగడం లేదే! ఇంకో ముద్దని పట్టుకున్నాను, దాంతోపాటు పెన్సిలు దించాను. ఎడమచెయ్యి వణికింది, వణికితే వణికింది, ముద్ద కూడా వణుకుతోంది. తోక దగ్గర గీత తెగిపోయింది, అక్కడ నీరూ తెగింది. ఈ చేతికి తాటిచెట్టు తెలియదు, ఇంద్రధనుస్సు ఎక్కడ పెట్టాలో తెలియదు, ఏమీ తెలియదు పిచ్చిదానికి, నేను చూపిస్తే తప్ప ఒక్క అంగుళం కదలదు. నాలుక పళ్ళమధ్య పెట్టుకుని గీస్తున్నానని కాసేపటికి తెలిసింది, మొదటి తరగతి పిల్లలా. రాతి వాలు, రాతి కింద చీకటి, ముద్ద, తోకలు, పిండి, పైకి లేచేది. పైకి లేచేదాన్ని గీయడం రాలేదు. అక్కడ కాగితాన్ని అలాగే వదిలేశాను. రెయిన్‌కోటు కిందికి నాలుగు చుక్కలు దూరి ఆ తెల్లటి చోట పడ్డాయి. తుడవబోయిన మున్సాకా చెయ్యి పక్కకి నెట్టాను.

వాడు వంగి చూశాడు. "పందెం ఓడిపోయా" అన్నాడు. తర్వాత "నాకు చలేస్తోందే" అన్నాడు, "దీన్ని చూస్తుంటే."

ఫోను తియ్యమని సైగచేశాను. "లుయాండోకా?" కాదన్నాను. "సి... టా..." "మేడమ్‌కా? ఇంటికెళ్ళాక మీ అమ్మాయి చేత చేయించొచ్చుగా?" కాదు, కాదు, తల గట్టిగా ఊపాను. వాడు నంబరు నొక్కి స్పీకరు పెట్టి నా నోటి దగ్గర పట్టుకున్నాడు. ఏడు నెలల్లో నేనెవరితోనూ ఫోనులో మాట్లాడలేదు, అవతలివాళ్ళ మౌనానికి భయం. ఆవిడ గొంతు సన్నగా వినిపించింది, "హలో? ఎవరూ? ఏమీ వినపడటం లేదు, ఏమిటా హోరు?" "త్వాంబో!" అని నా పేరు అరిచాను. "ఎవరూ?" "త్వాం... బో!" "టీచర్! మీరేనా? మోసి దగ్గరున్నారా? గట్టిగా చెప్పండి, ఒక్క ముక్క అర్థం కావడం లేదు!" నాకు హాయిగా అనిపించింది. ఇక్కడ ఎవరి మాటా ఎవరికీ ఒకేసారికి అర్థం కాదు, అవతల రెయిన్‌కోట్లవాళ్ళు కూడా చెవుల దగ్గర చేతులు పెట్టుకుని ఏం ఏం అని అరుచుకుంటున్నారు. "వస్తా!" అన్నాను. "ఏమిటీ?" "వస్తా! సో... మ... వారం!" అవతల ఒక్క క్షణం ఉరుము తప్ప ఏమీ లేదు. తర్వాత ఆవిడ కూడా అరిచింది, దూది లేదు ఆ గొంతులో, "రండి! తప్పకుండా రండి! పెద్ద తరగతిలో కుర్చీ వేయిస్తాను!"

"వద్దు!" అన్నాను. "పె... ద్ద... అతనికి. ఆ కుర్రా... డికి." ఇంకొకటి ఉంది, అది లోపల పూర్తిగా ఉంది, బడిలో పదమూడేళ్ళ పిల్లలు కొత్తగా చేరతారు, నలభైమంది, పెన్సిలు ఎలా పట్టుకోవాలో తెలియదు, వాళ్ళ గీతలు మెట్లు మెట్లుగా వస్తాయి, నవ్వుతారేమో నన్ను చూసి, నవ్వనీ, నేనూ నవ్వుతాను వాళ్ళని చూసి, ఇదంతా చెప్పాలి, ఒక్కొక్క మాటా లాగాలి, మున్సాకా చెయ్యి నొప్పిపుట్టి ఫోను ఇంకో చేతికి మార్చుకున్నాడు, ఒక్క మాట కూడా నాకు అందించలేదు, అందించకుండా ఎదురుచూశాడు. "చిన్న... తరగతి" అన్నాను. "ఇవ్వండి. నాకు."

"చిన్న పిల్లలా? వాళ్ళకి అసలేమీ రాదు కదా టీచర్!"

"రా... దు!" అన్నాను సంతోషంగా. "కొత్త... చే..."

"కొత్తవి ఏమిటీ? గట్టిగా!"

"చేతులు!" అని అరిచాను. "కొత్త చేతులు! అందరివీ!"